గుప్పిటిల్లు

లోపల ఒక కుక్క పడుకుని ఉండబట్టి మొదటి ఇల్లు ఎగిరిపోయింది.

కాకినాడలో పోర్టు వెనకాల ఉన్న పాత ఉప్పు గోడౌనే కంపెనీవాళ్ళ ప్రయోగశాల. ఒక చివర తాటిచెట్టంత గాలి యంత్రం. దానికి ఎదురుగా పలకలతో బిగించిన ఇల్లు. వరి ఊకని జిగురుతో కలిపి అచ్చుపోసిన పలకలవి. ఫ్యాక్టరీలో తయారుచేసి, లారీలో తెచ్చి, బోల్టులు బిగిస్తే వారం తిరక్కుండా ఇల్లు నిలబడుతుంది. అంతవరకూ వింతేమీ లేదు, అలాంటి ఇళ్ళు ఇప్పుడు చాలామంది అమ్ముతున్నారు. వింతంతా తుఫాను వచ్చినప్పుడు ఆ ఇల్లు చేసే పనిలో ఉంది. గాలి ముదరగానే వరండా, పడగ్గదులు, వంటిల్లు ఒకదాని వెనక ఒకటి మడతపడి నడిగది చుట్టూ దట్టంగా చేరిపోతాయి. మనం గుప్పిట బిగించినట్టు. ఇక గాలికి పట్టు దొరకదు. మనుషులు నడిగదిలో, గుప్పిట్లో గింజల్లాగా ఉంటారు.

ఈ ఆలోచన భానోజీది. అతని చిన్నప్పుడు ఒక తుఫానులో మట్టిగోడ కూలి అమ్మా నాన్నా ఒకేసారి పోయారు. అక్క నూకరత్నం తమ్ముణ్ణి ఒళ్ళోకి లాక్కుని, మోకాళ్ళు ముడిచి, వాడి మీదికి వంగి తెల్లారేదాకా అలాగే కూర్చుంది. గోడపెళ్ళలన్నీ ఆవిడ వీపు మీద పడ్డాయి. వాడికి గీత కూడా పడలేదు. పెద్దయి డిప్లొమా చదివి కంపెనీలో చేరిన భానోజీకి, తుఫానుకి నిలిచే ఇల్లు ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే గుర్తొచ్చేది ఆ ఒడి ఒక్కటే.

ఆ రోజు యంత్రం తిప్పి గాలి పెంచారు. ఇల్లు మాత్రం కదల్లేదు.

"లోపల ఎవరో ఉన్నారంటుందండి," తెర చూస్తూ అన్నాడు భానోజీ తోటి ఇంజనీరు ఇమ్మానుయేలు. "ఆళ్ళు నడిగదిలోకి వచ్చేదాకా మడవనంటుంది."

ఎవరు ఉంటారు అనుకునేలోపే కప్పు లేచిపోయింది. పలకలు గోడౌన్ గోడకి కొట్టుకుని పెంకుల్లా రాలాయి. ఆ ముక్కల్లోంచి ఒక నల్లకుక్క బయటికొచ్చి, ఒళ్ళు దులుపుకుని, నేరుగా ఇమ్మానుయేలు టిఫిన్ డబ్బా దగ్గరికి వెళ్ళింది.

"మీ చుట్టమా?" అన్నారు ఎండీగారు.

"రోజూ నా ఇడ్లీలే తింటాదండి. చుట్టమనే అనుకోవాలి."

ఎండీగారు నవ్వలేదు. మేక దూరినా, గేదె దూరినా ఇల్లు ఇలాగే ఆగిపోతే, ఇంట్లోవాళ్ళ సంగతేమిటి?

"తనవాళ్ళ కోసమే ఆగాలండి," అన్నాడు భానోజీ. "మిగతాదంతా సామాను కింద లెక్క. సామానున్నా గది మడతపడిపోవాలి."

తనవాళ్ళని ఇల్లు గుర్తుపట్టేదెలాగ? మొదట బరువుని బట్టి అనుకున్నారు. ఇమ్మానుయేలు నీళ్ళబిందె ఎత్తుకుని లోపలికి నడిచేసరికి ఇల్లు అతన్ని వేరే మనిషి అంది. బరువు మారుతుంది గానీ నడక మారదు. అడుగు ఎంత దూరం పడుతుంది, మడమ ముందు తగులుతుందా వేళ్ళు ముందా, ఏ కాలి మీద ఎంతసేపు నిలుస్తాడు, ఇవన్నీ నేల కింది తీగలకి అందుతాయి. అందుకని నడకనే నేర్పించారు. మరి ఎప్పుడు నేర్పాలి? రోజూ నేర్చుకుంటూ పోతే పాలవాడూ, కేబులువాడూ కూడా ఇంట్లోవాళ్ళయిపోతారు. దానికి దారి చెప్పింది కూడా భానోజీయే. గృహప్రవేశం నాడు ముందు గడప దాటేది ఇంటివాళ్ళే. చుట్టాలు ఆ తర్వాత. కాబట్టి గడప దాటిన దగ్గర్నించి పాలు పొంగేదాకా లోపలికి అడుగుపెట్టినవాళ్ళే ఆ ఇంటివాళ్ళు. పొయ్యి మీద పాలు పొంగిన క్షణాన లెక్క మూతపడుతుంది. వాళ్ళకంటే ముందు లోపలికి వెళ్ళే ఆవు సంగతేమిటని ఎవరో అడిగితే, నాలుగు కాళ్ళ నడకని లెక్కలోంచి తీసేశారు.

"మా ఇళ్ళల్లో పాలు పొంగించరు గదండి. పాస్టరుగారొచ్చి ప్రార్థన చేత్తారు. మా ఇల్లెప్పుడు నేర్చుకుంటాదండి?" అన్నాడు ఇమ్మానుయేలు.

"మీకు ఆమెన్ అనగానే మూతపడేలా పెడదాంలే."

ఇమ్మానుయేలు నవ్వాడు గానీ, ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టాడు. లెక్క మార్చడం తేలిక చెయ్యకూడదన్నాడు. "మీట నొక్కితే మనిషి చెరిగిపోయేటట్టయితే, అన్నదమ్ముల్లో ఎవడిది పైచెయ్యయితే ఆడు రెండోవాణ్ణి చెరిపేత్తాడండి. కోడలు అత్తని చెరిపేత్తాది." అది నిజమేననిపించింది అందరికీ. అందుకని పాత లెక్క చెరిగి కొత్తది ఎక్కాలంటే, మూడు నెలలు ఇల్లు ఖాళీచేసి, కరెంటు తీసేసి, పాడుపెట్టి ఉంచాలి. తర్వాత మళ్ళీ పాలు పొంగించాలి. అంతకంటే దగ్గరిదారి లేకుండా చేశారు.

మొదటి అసలు ఇల్లు కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు.

"నీ పెళ్ళాం బిడ్డల్ని పెట్టగలవా అందులో?" అని ఎండీగారు భానోజీని అడిగారు.

"పెడతానండి," అన్నాడు.

ఉప్పాడ దాటాక, సముద్రానికి ఎదురుగా ఉన్న భానోజీ సొంత జాగాలోనే ఇల్లు బిగించారు. దాని బొమ్మ గీసింది అతనే. ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఏ వేళకి ఏ మూలకి చేరతారో తలుచుకుంటూ గీశాడు. భార్య రత్నమాల తల ఆరబెట్టుకునే చోట ఉదయం ఎండ పడుతుంది. ఏడేళ్ళ కూతురు పుష్యమికి తన ఎత్తులోనే చిన్న కిటికీ ఒకటి ఉంది, అందులోంచి అలలు కనిపిస్తాయి. అత్తగారు అప్పాయమ్మకి కూర్చున్న చోటినించే వీధి అంతా కనపడేట్టు వరండాలో అరుగు. ఇక వంటిల్లు నూకరత్నం కోసం. ఆవిడ ఎడమకాలు బోదకాలు, నిలబడి వండలేదు. అందుకని గట్టు కిందికి దించి, ఆ గట్టు అడుగున కాలు పట్టేంత గూడు తీశాడు. స్టూలు మీద కూర్చుని, బరువుకాలు ఆ గూట్లోకి చాపుకుని వండుకోవచ్చు.

నూకరత్నం దాన్ని చూసి నవ్వింది. "నా కాలికి కూడా గది కట్టేవేంట్రా?" అంది.

గృహప్రవేశానికి ముందురోజు అప్పాయమ్మ అల్లుణ్ణి పక్కకి పిలిచింది.

"అల్లుడుగారూ, ముహూర్తం వేళకి నూకరత్నాన్ని కాస్త అవతలుండమనండి. నేననేది కాదు, లోకం అనేది."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నూకరత్నం మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. అప్పాయమ్మ మొగుడు రైలెక్కి తిరిగి రాలేదు. ఆయన శవం ఒడ్డుకి కొట్టుకొచ్చింది గనక నూకరత్నానికి బొట్టు లేదు. ఈయన చచ్చాడని కబురు రాలేదు గనక అప్పాయమ్మ ఇరవై ఏళ్ళుగా ముత్తైదువే. ప్రతి పేరంటానికీ ముందు వరసలో కూర్చుంటుంది.

భానోజీ అత్తగారికి ఎదురు చెప్పలేదు. సాయంత్రం అక్క దగ్గర కూర్చుని గొంతు తగ్గించి చెప్పాడు.

"మేం పాలు పొయ్యి మీద పెట్టగానే నువ్వు పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చెయ్. అందరి కళ్ళూ గిన్నె మీదే ఉంటాయి, ఎవరూ చూడరు. పొంగేలోపు నీ అడుగు లోపల పడాలంతే."

"దొంగలాగా రమ్మంటావా?"

"ఈ ఒక్కసారికే అక్కా."

"నాదేం పోయింది, వచ్చేత్తాను. సొంతింట్లో దొంగతనం," అని మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు చూసి భానోజీ గుండె తేలికపడింది. సమస్య తీరిపోయిందనుకున్నాడు.

మర్నాడు ఆవు వెళ్ళింది. దాని వెనకాల కలశంతో రత్నమాల, దేవుడి పటంతో భానోజీ, దీపంతో అప్పాయమ్మ, చేతిలో పూలబుట్టతో పుష్యమి. గడప పక్కన అద్దంలాంటి చిన్న పలక ఉంది. దాని మీద అక్షరాలు ఒకటొకటి మారాయి. ఇంట్లో ఒకరు. ఇంట్లో ఇద్దరు. ఇంట్లో ముగ్గురు. ఇంట్లో నలుగురు. కంపెనీవాళ్ళు చప్పట్లు కొట్టారు. కెమెరా పట్టుకున్నతను గడప బయటే నిలబడి వంటింటి గుమ్మంలోకి గురిపెట్టాడు.

పంతులుగారు కూడా గడప అవతలే నిలబడి పాలు పెట్టమన్నారు. గిన్నె పొయ్యెక్కింది. భానోజీ చూపు పెరటి తలుపు మీదికి పోయింది. గడియ వేసి ఉంది.

"నేనే వేశాను," అంది అప్పాయమ్మ అతని చూపు పట్టుకుని. "పాలు పొంగేటప్పుడు వెనక తలుపు తెరిచుంటే లక్ష్మి అట్నించటే ఎల్లిపోతాదంట."

అప్పుడు వినపడింది. తలుపు మీద వేళ్ళతో కొట్టిన చప్పుడు. గట్టిగా కాదు, లోపల ఎవరికీ ఇబ్బంది కలక్కుండా, అలవాటుగా. భానోజీకి వినపడింది. రత్నమాలకి కూడా వినపడి ఉంటుంది, ఆమె గిన్నె వైపే చూస్తూ ఉంది. పంతులుగారు మంత్రం పెంచారు. కెమెరా అతను "ఇటు చూడండి సార్" అన్నాడు.

మళ్ళీ కొట్టింది. "ఒరేయ్," అని మెల్లిగా పిలిచింది కూడా.

రెండడుగులు వేసి గడియ తీస్తే చాలు. అందరి ముందూ తెల్లచీర కట్టుకున్న అక్క గుమ్మంలో నిలబడుతుంది. అత్తగారి మొహం మాడిపోతుంది. పంతులుగారు ఆగుతారు. కెమెరాలో పడుతుంది. భానోజీ ఇవన్నీ ఆలోచించాడు. ఆలోచిస్తూ కెమెరా వైపు చూశాడు. పాలు పొంగాయి. అందరూ అక్షింతలు చల్లారు. గడప దగ్గర పలక ఒకసారి పచ్చగా వెలిగి మూతపడింది.

భోజనాల వేళకి నూకరత్నం వీధి గుమ్మంలోంచే వచ్చింది. పలక మీద అక్షరం మారలేదు. "గడియేసుందిరా," అని మాత్రం అంది. ఆ తర్వాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ ఇల్లు మిగతావాళ్ళకి అరచేతిలో పెట్టుకున్నట్టుండేది. గదిలోకి అడుగుపెడితే దీపం వెలిగేది. తలుపు దగ్గరికి వెళ్తే తెరుచుకునేది. ఎండ మొహాన పడితే కిటికీ రెక్క తనే వాలేది. నూకరత్నానికి ఏదీ జరిగేది కాదు. ఆవిడ చీకట్లోనే వండేది, లేకపోతే ఎవరైనా వచ్చేదాకా ఆగేది. తలుపుల ముందు నిలబడి దగ్గేది.

"ఈ ఇంటి కంటికి నేను ఆనను," అనేది నవ్వుతూ.

దానికి పుష్యమి ఒక ఆట కనిపెట్టింది. అత్త చెయ్యి పట్టుకుని ముందు తను అడుగేసేది. తలుపు తెరుచుకునేది, దీపం వెలిగేది. "రండి మహారాణీ," అనేది. నూకరత్నం కాలీడ్చుకుంటూ వెనకాల వచ్చేది. కుడికాలు టక్కున పడుతుంది, ఎడమది జరజర ఈడ్చుకొస్తుంది, మధ్యలో ఒక చిన్న ఆగుడు. పుష్యమి ఆ నడక పట్టేసింది. అత్తలాగే నడిచి చూపించి అందర్నీ నవ్వించేది. అందరికంటే ఎక్కువ నూకరత్నమే నవ్వేది. "అచ్చం నాలాగే ఉంది, నా కాలు దీనికెవరిచ్చారే," అనేది.

ప్రయోగశాలలో ఒకరోజు ఇమ్మానుయేలు అడిగాడు.

"మీ అక్కగారి నడక ఎక్కించారు గదండి? ఆ కాలు ఈడ్చేవాళ్ళది సరిగ్గా ఎక్కుతాదో లేదోనని నాకు అనుమానం."

"ఎక్కించాను," అన్నాడు భానోజీ. ఎందుకన్నాడో అతనికే తెలియదు. లేదంటే ఎందుకని అడుగుతాడు.

ఆ సాయంత్రమే ఇంట్లో మాటెత్తాడు. మూడు నెలలు బయట అద్దెకుండి, మళ్ళీ పాలు పొంగించి, ఈసారి అక్కని కూడా తీసుకుని లోపలికి వద్దామన్నాడు.

అప్పాయమ్మ తింటున్న ముద్ద ఆపేసింది. "పాలు పొంగించిన కొత్తిల్లు పాడుపెడతారా? ఊళ్ళో ఏమనుకుంటారండి? ఎవరో పోయారనుకోరూ? బతికున్నవాళ్ళుండగా ఇల్లు పాడుపెట్టిన కొంప ఎక్కడైనా ఉందా?"

"అమ్మ అన్నదాంట్లో తప్పేముంది," అంది రత్నమాల. "వదినకి ఇప్పుడు జరగనిదేముంది? దీపం మనం వెయ్యమా?"

భానోజీ అక్క వైపు చూశాడు. వద్దని ఆవిడే అంటే బాగుండునని చూశాడు. ఆవిడ అన్నది కూడా.

"ఒగ్గెయ్ రా. తుఫానొత్తే నీ చెయ్యట్టుకుని నడిగదిలోకి వచ్చేత్తాను. అంతేగదా."

అంతే. నడిగదిలోకి చేరిపోయాక తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ ఒకటే. భానోజీ ఆ మాటతో సరిపెట్టుకున్నాడు.

కార్తీకంలో తుఫాను పట్టింది. తీరంలో ఉన్నవాళ్ళంతా స్కూలు బిల్డింగుకి వెళ్ళిపొమ్మని మైకులో చెప్పారు. నూకరత్నం గుడ్డలు మూట కట్టుకుంది.

"నేను ఆళ్ళతో పోతాన్రా. ఆ స్కూలు రెండు తుఫాన్లు చూసింది."

"నువ్వెళ్తే ఎలాగక్కా? కంపెనీవాళ్ళంతా మన ఇంటికేసే చూస్తున్నారు. సొంత అక్కే నమ్మలేదంటారు," అన్నాడు భానోజీ.

ఆవిడ మూట విప్పి గుడ్డలు మళ్ళీ పెట్టెలో పెట్టుకుంది.

పొద్దున్నే ఆకాశం నల్లబడి, సముద్రం గొంతు మారింది. ఐదుగురూ నడిగదిలో చేరారు. నూకరత్నం మూలన గోడకి ఆనుకుని కూర్చుంది, పుష్యమి ఆవిడ ఒళ్ళో ముడుచుకుంది. భానోజీ గోడకున్న చిన్న తెర మీద గాలి ఎంతుందో చూసుకుంటున్నాడు. వరండా మడతపడింది. పెద్ద చప్పుడేం లేదు, మడతమంచం మూసినట్టుంది. అప్పాయమ్మ కూడా మెచ్చుకుంది. "పర్లేదు, అల్లుడుగారి ఇల్లు మాట మీద నిలబడ్డాది." తర్వాత ఒడి తడుముకుంది.

"అయ్యో, నా బీపీ మాత్రలు వంటింట్లో ఉండిపోయాయి. నూకరత్నం, కాస్త తెచ్చిపెట్టమ్మా."

రోజూ చెప్పే మాటే. నూకరత్నం రోజూ లేచినట్టే లేచింది. పిల్లని ఒళ్ళోంచి దింపి, గోడ పట్టుకుని, కాలీడ్చుకుంటూ వెళ్ళింది. ఎవరూ తలెత్తలేదు. భానోజీ తెర వైపు తిరిగి ఉన్నాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఇంట్లో నలుగురు. అందరూ నడిగదిలో ఉన్నారు.

పడగ్గదులు మడతపడ్డాయి. వంటింటి గోడ కదిలింది.

"ఒరేయ్."

ఆ పిలుపు అతనికి తెలుసు. పెరటి తలుపు అవతల విన్నదే.

భానోజీ పరుగెత్తాడు. అతని పాదం వంటింటి నేల మీద పడగానే గోడ ఆగిపోయింది. దీపం వెలిగింది. నూకరత్నం స్టూలు పక్కన పడి ఉంది. గోడ నెట్టుకొచ్చిన వేగానికి ఆవిడ బరువుకాలు గట్టు కింద గూట్లోకి దూరిపోయింది. ఆవిడ కోసం అతను తీసిన గూడే. గట్టుకీ గోడకీ మధ్య ఆ కాలు మోకాలిదాకా ఇరుక్కుంది.

చంకల కింద చేతులు వేసి లాగాడు. ఆవిడ కేక పెట్టలేదు గానీ పళ్ళు కొరికిన చప్పుడు వినపడింది. కాలు రాలేదు. ఒకసారి మొదలైన గోడ తుఫాను దాటేదాకా వెనక్కి వెళ్ళదు. కరెంటు పోయినా ఆగకూడదని స్ప్రింగులతో నడిచేలా చేసింది అతనే. ఈలోపు వెనక్కి తిప్పాలంటే ఇంటి బయట, చూరు కింద చేతిమర ఉంది. బయటికి వెళ్ళాలంటే ఈ వంటిల్లు దాటాలి. దాటి బయట కాలు పెట్టినవాడు ఆ గాలిలో చూరు దాకా వెళ్ళలేడు.

"నువ్వున్నంతసేపూ ఆగుద్ది గదా ఇది?" అంది నూకరత్నం.

"ఆగుద్ది."

"అయితే ఒక్క నిమిషం ఉండు."

ఉన్నాడు. అతను అక్కడ ఉన్నంతసేపూ ఇల్లు గుప్పిట బిగించలేదు. సగం మడిచిన వేళ్ళలా నిలబడి తన మనిషి కోసం ఎదురుచూస్తోంది. గాలికి పట్టు దొరికింది. నడిగది కప్పు ఒక మూల టపటపా కొట్టుకోవడం మొదలైంది. వాన లోపలికి పడుతోంది. పుష్యమి ఏడుపు, దాని మీద రత్నమాల గొంతు.

"ఏవండీ, కప్పు లేస్తోంది. పిల్ల జారిపోతోందండీ. మీరొస్తేగాని ఇది మూసుకోదు, రండి."

భానోజీ అక్క చెయ్యి పట్టుకుని ఉన్నాడు. కథల్లో అయితే ఆవిడ, వెళ్ళరా, పిల్లని చూసుకో, అనాలి. నూకరత్నం అలా అనలేదు.

"ఉండరా," అంది. "ఇంకాసేపు ఉండు. తగ్గుద్దేమో."

కప్పులోంచి ఒక పలక విరిగిన చప్పుడైంది. రత్నమాల కేక మధ్యలో ఆగిపోయి మళ్ళీ వినపడింది.

"బయటికెళ్ళి చేతిమర తిప్పి వచ్చేస్తానక్కా," అన్నాడు భానోజీ.

ఆవిడ అతని మొహంలోకి చూసింది. పెరటి గుమ్మం ఎటుందో ఆవిడకీ తెలుసు. అతని భుజాలు నడిగది వైపు తిరిగి ఉన్నాయి.

"నువ్వెల్తే ఇది మూసుకుంటాది గదా?"

"లేదు."

నూకరత్నం రెండో చెయ్యి పిడికిలి బిగించి ఉంది, అది తెరిచింది. మాత్రల అట్ట.

"ఎలాగూ అటే ఎల్తున్నావుగా," అంది. "ఇయ్యి ఆవిడకిచ్చెయ్."

భానోజీ తీసుకున్నాడు. ఒక పాదం నడిగదిలో పెట్టాడు. రెండో పాదం ఎత్తాడు.

వంటింట్లో దీపం ఆరిపోయింది.

తుఫాను దాటాక ఇల్లు తనంతట తనే విచ్చుకుంది. వరండా, పడగ్గదులు, కిటికీలు అన్నీ ఎక్కడివక్కడ నిలబడ్డాయి. చుట్టూ కొబ్బరిచెట్లన్నీ పడిపోయాయి, ఆ వీధిలో ఇంకే కప్పూ మిగల్లేదు. స్కూలు బిల్డింగుకి మాత్రం ఏమీ కాలేదు, అందులోవాళ్ళంతా నడుచుకుంటూ తిరిగొచ్చారు. వంటిల్లు కూడా విచ్చుకుంది. గడప దగ్గర పలక మీద అక్షరాలు మెరిశాయి. ఇంట్లో నలుగురు. అందరూ క్షేమం.

కంపెనీవాళ్ళు ఆ పలకని ఫోటో తీసుకున్నారు. వంటింటి సంగతి తెలిశాక ఎండీగారు ఆ ఫోటో మళ్ళీ తీసి చూశారు. తర్వాత, "ఇల్లు తనవాళ్ళని కాపాడింది. అది అబద్ధం కాదు కదా," అన్నారు. ఆ ఫోటో పేపర్లలో పడింది. ఆ సంక్రాంతి లోపలే అలాంటి ఇళ్ళకి తీరమంతా గిరాకీ పెరిగింది.

ఇమ్మానుయేలు చూడటానికొచ్చి, వంటింట్లో గట్టు ముందు గొంతుక్కూర్చుని గూట్లోకి చూశాడు.

"ఎక్కించానన్నారు గదండి," అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు. తర్వాత ప్రయోగశాలలో అతను భానోజీ పక్కన కూర్చుని డబ్బా విప్పలేదు.

పదకొండో రోజున పంతులుగారు నూకరత్నం పోయిన నక్షత్రం చూసి తల అడ్డంగా ఊపారు. మంచిది కాదన్నారు. మూడు నెలలు ఇల్లు విడిచిపెట్టాలన్నారు.

"విడిచిపెట్టాల్సిందేనండి అల్లుడుగారూ," అంది అప్పాయమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "చావు జరిగిన ఇంట్లో ఎలాగుంటాం? ఊళ్ళో ఏమనుకుంటారు? మూడు నెలలెంతలో తిరిగొత్తాయి."

నిజంగానే తిరిగొచ్చాయి. ఊళ్ళో అద్దెకున్నారు. ఏ ఇబ్బందీ రాలేదు. ఇల్లు చీకట్లో ఉండి అందర్నీ మర్చిపోయింది.

మళ్ళీ ముహూర్తం పెట్టారు. మళ్ళీ ఆవు వచ్చింది. రత్నమాల, భానోజీ, అప్పాయమ్మ, పుష్యమి గడప దాటారు. ఇంట్లో నలుగురు. ఈసారి పెరటి తలుపు గడియ వెయ్యడం ఎవరికీ గుర్తులేదు. వెయ్యమని అప్పాయమ్మ అనలేదు. పాలు పొయ్యెక్కాయి.

పుష్యమి ఎప్పుడు బయటికి జారుకుందో భానోజీ చూడలేదు. వంటింటి గుమ్మంలోంచి గడప పలక కనిపిస్తోంది. ఇంట్లో ముగ్గురు అని మారింది. అతను తల తిప్పేలోపే పెరటి తలుపు తెరుచుకుంది.

టక్. జరజర. చిన్న ఆగుడు. టక్. జరజర.

రత్నమాల చేతిలో గరిటె జారిపడింది. పిల్ల తల వంచుకుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ, గోడ పట్టుకుని, గట్టు దాకా వచ్చింది. నవ్వించడానికి కాదు. మొహంలో ఆట లేదు. గూటి దగ్గర ఒక్క క్షణం నిలబడింది. తర్వాత మామూలుగా నడుచుకుంటూ వచ్చి నాన్న పక్కన నిలబడింది.

ఇంట్లో నలుగురు. ఇంట్లో ఐదుగురు.

పాలు అంచుదాకా వచ్చాయి. గిన్నె దించేస్తే చాలు. పాలు పొంగకపోతే ఆ నడక లెక్కలో మిగలదు. భానోజీ చెయ్యి పొయ్యి దాకా వెళ్ళింది. పుష్యమి తలెత్తి ఆ చేతికేసి చూసింది. పోయినసారి ఇదే చోట ఈ చెయ్యి ఏం చెయ్యలేదో ఆ పిల్లకి ఎవరు చెప్పారో అతనికి తెలియదు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పాలు పొంగాయి. పలక పచ్చగా వెలిగి మూతపడింది.

భోజనాలకి అందరూ బయట షామియానా కిందికి వచ్చారు. చివరగా గడప దాటిన అప్పాయమ్మ పలక చూసి ఆగిపోయింది. ఇంట్లో ఒకరు, అని ఉంది. లోపలికి తొంగి చూసింది. ఎవరూ లేరు. వంటింట్లో మాత్రం దీపం వెలుగుతోంది.

"అల్లుడుగారూ, ఇదేంటండి? లోపలెవరున్నారని దీని ఉద్దేశం?"

అక్క నడకని ఇల్లు లెక్కలోకి ఎక్కించుకుందని, ఆవిడ వంటింట్లోనే ఉందనుకుంటోందని భానోజీ చెప్పాడు.

అప్పాయమ్మ మెడలో పసుపుతాడు పట్టుకుంది. లెక్క అర్థమవడానికి ఆవిడకి కాస్త టైము పట్టింది. "అయితే మళ్ళీ తుఫానొత్తే..."

"ఆవిడ నడిగదిలోకి వచ్చేదాకా ఆగుతుందండి."

"ఆవిడెలా వత్తాదండి?"

"రాదు."

"అయితే ఇది మూసుకోదా?"

"మూసుకోదు."

"మరి చెరిపెయ్యండి. ఇంకో మూడు నెలలు బయటుందాం. పోయిందేముంది?"

భానోజీ ఆవిడ కళ్ళలోకి చూశాడు. పెళ్ళయినప్పట్నించీ ఎప్పుడూ అలా చూసి ఎరగడు.

"పాలు పొంగించిన కొత్తిల్లు పాడుపెడతామా అత్తయ్యగారూ," అన్నాడు. "ఊళ్ళో ఏమనుకుంటారు? ఎవరో పోయారనుకోరూ?"

అని, విస్తరి ముందు కూర్చున్నాడు. సముద్రం వైపు నించి గాలి లేచి షామియానా అంచు ఒకసారి కొట్టుకుంది. అప్పాయమ్మ ఒక్కతే గడప దగ్గర నిలబడి, వంటింట్లో వెలుగుతున్న దీపం వైపు చూస్తూ ఉండిపోయింది.